కిందిల్లు

మొన్న బుధవారం ఉదయం ఆరూ నలభైకి నేను పాలపాకెట్ల కోసం గేటు దగ్గరికి దిగేసరికి, ఎవరో పెద్దాయన పెళ్ళిపత్రికల సంచీతో నిలబడి, కిందింట్ల ఎవరుంటరు బిడ్డా, అని మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ను అడుగుతున్నాడు. వాచ్‌మన్ నవ్వి, "కింద ఎవ్వలుండరు తాతా, బండ్లే ఉంటయి. గది సెల్లార్" అన్నాడు. ఆ అబ్బాయి భార్యతో, చంటిబిడ్డతో నీళ్ళ మోటారు పక్కనున్న చిన్న గదిలో, ఆ సెల్లార్‌లోనే కాపురం ఉంటున్నాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు, పెద్దాయనకు తెలియదు, నేను అనలేదు. ఐదు నెలల క్రితం మా ఆయన దవాఖానలో పోయినప్పుడు, పై అంతస్తులకు తీసుకురాకూడదన్న నియమం ఉంది కాబట్టి, అదే సెల్లార్‌లో రెండు కార్ల నడుమ అద్దాల పెట్టెలో ఒక పూట ఉంచాం. అందుకు నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ కిందిల్లు అనే మాట అన్నేళ్ళ తర్వాత చెవిన పడేసరికి, పాలు పొయ్యి మీద పెట్టి అక్కడే నిలబడిపోయాను, పాలు పొంగిపోయాయి.

నా వయసువాళ్ళకు ఈ మాట కొత్తగా చెప్పనక్కరలేదు. మా చిన్నతనంలో జనగామలో రెండంతస్తుల ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. మీద ఉన్నదాన్ని బంగ్లా అనేవాళ్ళం, కింద ఉన్నదాన్ని కిందిల్లు అనేవాళ్ళం. ఇల్లు అన్న పేరు కిందిదానికే ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు గాలి కోసం, వీధి కనబడడం కోసం బంగ్లా కావాలనేవాళ్ళు. మేము బంగ్లాను కిరాయికి ఇచ్చి కింద ఉండేవాళ్ళం. మాకు తక్కువైనట్టు ఎన్నడూ అనిపించలేదు. మా నాన్నను మేము బాపు అని, ఆయన తల్లిని అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆమె లెక్కలో అయితే బంగ్లా అనేది ఇంటి నెత్తి మీద పెట్టిన గంప, అంతే.

మా ఇల్లు స్టేషన్‌కు పోయే దారిలో ఉండేది. తాత కట్టించింది. కింద రాతి గోడలు, మట్టి నేల. మీద కర్ర దూలాలు పరిచి, చెక్కలు కొట్టి, సున్నపు గచ్చు పోసి, పెంకులు కప్పారు. ఇప్పటివాళ్ళకు వింతగా తోచేది మెట్ల సంగతి. మీదికి మెట్లు బయటనుంచి లేవు, మా నడిమింట్లోంచే ఉండేవి. మీదింటివాళ్ళు కూరగాయలు తెచ్చుకున్నా, చుట్టాలు వచ్చినా, నీళ్ళు తోడుకుని పోవాలన్నా మా దర్వాజ దాటి, మా నడిమిల్లు దాటి పదమూడు చెక్క మెట్లు ఎక్కాలి. అందుకని కొన్ని పద్ధతులు ఉండేవి. లోపలికి అడుగు పెట్టే ముందు దగ్గాలి. చెప్పులు కిందనే విడవాలి. మీదింటి చుట్టాలకు కూడా మొదటి చెంబు నీళ్ళు కిందింటివాళ్ళే ఇవ్వాలి. ఇవన్నీ ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ రాసుకోలేదు.

నేల మట్టిది కాబట్టి వారానికి రెండుసార్లు అవ్వ పేడతో అలికేది. అలికిన తర్వాత అది ఆరేదాకా ఎవరూ తొక్కకూడదు, తొక్కితే అడుగు పడుతుంది, పడితే మళ్ళీ మొదటినుంచీ అలకాలి. అప్పుడు మా బంగ్లాలో ఉన్నది తాలూకాఫీసు గుమాస్తా, గుంటూరు వైపు మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఆయన ఆఫీసుకు తయారై, బూట్లు చేతిలో పట్టుకుని, నాలుగో మెట్టు మీద కూర్చుని నేల ఆరేదాకా పేపరు చదువుకునేవాడు. "పెద్దమ్మగారూ, పది దాటిందండీ, గోడవారన ఒక్క అడుగేసి వెళ్ళిపోతానండీ" అని బతిమాలేవాడు. "ఆరనియ్యి నాయినా. నువ్వు పోకుంటె సర్కారేం ఆగది" అనేది అవ్వ. ఆయన నవ్వి మళ్ళీ పేపరు విప్పేవాడు.

గుమాస్తాగారి తల్లికి అవ్వకంటే రెండు మూడేళ్ళు తక్కువ. ఇద్దరూ వదినా వదినా అని పిలుచుకునేవాళ్ళు. మధ్యాహ్నం ఆమె దిగివచ్చి మా నడిమింట్లో కూర్చుంటే, చింతపండు గింజ తీస్తూనో కూర ఏరుతూనో ఒకరి మాటను ఒకరు వెక్కిరించుకోవడమే పని. "గోంగూర అనండి వదినగారూ, పుంటికూర ఏంటండీ, వినడానికే మోటుగా ఉంది" అని ఆమె అంటే, "నీ నోట్లె గోంగూర, నా నోట్లె పుంటికూర. పులుపేమన్న తగ్గుతదా వదినె?" అని అవ్వ అనేది. ఆ రోజుల్లో మా మాటను ఎగతాళి చేసేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు, సినిమాల్లోనూ, ఆఫీసుల్లోనూ. అది మాకు గుచ్చుకునేది. ఈమె చేసే ఎగతాళి మాత్రం అవ్వకు గుచ్చుకోలేదు, ఎందుకంటే అవ్వ తిరిగి చేసేది.

తర్వాత అరవై తొమ్మిది వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం బడులు మూతపడ్డాయి, కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు పోయాయి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పంతులమ్మ ట్రైనింగ్ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. అన్న నాకంటే మూడేళ్ళు పెద్ద, బీఏ పాసయి రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నాడు. తాలూకాఫీసులో ఉన్న కుర్చీల్లో సగం మనవి కావలసినవి అనేవాడు. అందులో ఒక కుర్చీ మనిషి మా నెత్తి మీదే ఉన్నాడు, రోజూ మా నడిమింట్లోంచే ఆఫీసుకు పోతున్నాడు. అన్నకు ఆయన మీద పగేమీ లేదు. కానీ ఆయన దగ్గగానే అన్న లేచి వాకిట్లోకి పోయేవాడు. స్టేషన్‌లో రైలు ఆపిన రోజు లాఠీ దెబ్బకు అన్న ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టించుకుని వచ్చిన సాయంత్రం, మెట్లు దిగుతూ గుమాస్తాగారు, ఎలా ఉందండీ చెయ్యి, అని అడిగితే అన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మేమూ ఎవరి పని వాళ్ళం చూసుకున్నాం.

వాళ్ళ వైపు ఉద్యోగులు చాలామంది సెలవు పెట్టి రైళ్ళు నడిచే రోజు చూసుకుని వెళ్ళిపోయారు. గుమాస్తాగారు కూడా భార్యను పుట్టింటికి పంపించాడు. తాను కదలలేకపోయాడు, తల్లికి అప్పటికే నడుము కింది భాగం పడిపోయింది. మే నెల వచ్చేసరికి పెంకుల కింద ఆ బంగ్లా పొయ్యిలా ఉండేది. ఆమె దిగడం ఎప్పుడో మానేసింది. అవ్వే రోజూ మెట్లెక్కి పోయి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, నాలుగు గుక్కల జావ తాగించి వచ్చేది.

ఆమె కోరిక ఒక్కటే. తనను నేల మీదికి దించాలి. పోయే మనిషిని మంచం మీద పోనివ్వకూడదు, ప్రాణం పోయేలోపు భూమి మీద పడుకోబెట్టాలి అన్నది అందరికీ తెలిసిన ఆచారమే. కానీ బంగ్లాలో భూమి ఎక్కడిది. చెక్కల మీద గచ్చు, గచ్చు కింద గాలి. కొడుకు మంచం దించి చాప మీద పడుకోబెడితే, ఆమె అరచేత్తో గచ్చును తట్టి, ఇది నేల కాదురా, చప్పుడు వస్తోంది, అన్నదట. ఊరికి తీసుకుపోదామంటే రైలు ఎప్పుడు నడుస్తుందో తెలియదు, నడిచినా ఆమె ఓర్చుకోలేదు. చివరికి ఒకరోజు ఆయన మా బాపు దగ్గరికి వచ్చి, మీ పశువుల కొట్టంలో ఒక మూల చోటిస్తే చాలు, నేనే శుభ్రం చేసుకుంటాను, అని అడిగాడు. తలెత్తకుండా అడిగాడు. బాపు, ఆలోచించి చెప్తా అన్నాడు.

ఆ ఆలోచనకు కారణం ఉంది. అయ్యగారు పంచాంగం చూసి, రెండు రోజులైతే చెడ్డ నక్షత్రాలు మొదలవుతాయి, ఆ ఐదు రోజుల్లో ఇంట్లో ఎవరన్నా పోతే మూడు నెలలు ఇల్లు విడిచిపెట్టాలి అన్నాడు. ఇల్లు పాడుపెట్టడం అంటే మా వాళ్ళకు ఆషామాషీ కాదు. దీపం పెట్టరు, పొయ్యి వెలిగించరు, దర్వాజకు ముళ్ళకంప అడ్డం వేసి పోతారు. బాపు గంజ్‌లో ధాన్యం తూకం వేసేవాడు, ఊరు విడిచి పోలేడు. రఘునాథపల్లిలో మేనమామ ఇల్లు ఉందిగానీ బస్సులు లేవు. అన్న చెయ్యి కట్టులో ఉంది. బాపు తన తల్లితో, "చుక్క మంచిగ లేకుంటె ఇల్లు ఇడువాలెనే అమ్మా. గీ గడబిడల యాడికి పోతం?" అన్నాడు. దానికి నేను కూడా ఒక మాట కలిపాను. ఇన్నేళ్ళయినా ఆ మాట నాది కాదని చెప్పుకోలేను. "ఎవ్వరి కోసమో మనమెందుకు ఇల్లు ఇడువాలె అవ్వా? వాళ్లేమన్న చుట్టాలా పక్కాలా?" అన్నాను.

అవ్వ నా మీద కోప్పడలేదు. బొక్కెనలో పేడ కలుపుతూ ఉంది. "బంగ్ల కిరాయికి ఇచ్చినప్పుడు నేల ఇయ్యలేదా? నేల లేకుండ బంగ్ల యాడ నిలవడ్డదే?" అన్నది. "మీదింటోళ్లు పెండ్లి పందిరి గుంజ పాతాలంటె కిందనే. పురుడు పోసుకోవాలంటె కిందనే. పానం పోవాలన్నా కిందనే. మీ తాత బంగ్ల కట్టిననాడే గీ మాట ఒప్పుకున్నడు. ఆయన ఒప్పుకున్నంక నేనెవ్వతి కాదనేదానికి?" అని, చీపురు నా చేతికిచ్చి, "కొట్టంల గాదు, నడిమింట్ల ఊడ్వు" అన్నది. పొద్దు వాలే వేళ ఇల్లు అలకరు. ఆ రోజు అలికాం. నేను ఊడ్చాను, ఆమె అలికింది. ఆరేదాకా మెట్ల పక్కన కూర్చుని నేలవైపే చూస్తూ ఉంది. అన్న గడపలో నిలబడి ఇదంతా చూశాడు, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

అలిగి పోయాడనుకున్నాం. కాసేపటికి నలుగురు స్నేహితులతో తిరిగి వచ్చాడు. అందరూ రైలు ఆపినవాళ్ళే. ఒకడికి కనుబొమ మీద కుట్లు ఇంకా విప్పలేదు. ఒకడి భుజం మీద గొంగడి ఉంది.

నేను పుస్తకాలు కొన్ని చదివిన మనిషిని. గొప్ప సంగతుల గురించి గొప్పగా రాసినవి కూడా చదివాను. ఆ మెట్ల మీద చూసినదానికి ఉపమానం వెతకడం నాకు ఇష్టం లేదు, చూసింది చూసినట్టు చెప్తాను. మెట్లు ఇరుకు, మంచం పట్టదు. పిల్లలు ఆమెను గొంగడి నడుమ పడుకోబెట్టి నాలుగు కొసలు నలుగురు పట్టుకున్నారు. అన్న విరిగిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, ముందర వెనక్కి నడుస్తూ, ఒక్కో మెట్టూ చెప్తూ దిగుతున్నాడు. "జర ఆగు. దూలమున్నది, తల వంచు. ఆఁ, ఇంకోటి." రెండు మెట్లు దిగారో లేదో కిందనుంచి అవ్వ కేక వేసింది. "అరె పిచ్చోళ్లల్లారా! కాళ్లు ముందు పెట్టి దించుతరా? ఇంక బతికే ఉన్నదిరా! తల దిక్కు రావాలె!" కాళ్ళు ముందుపెట్టి తెచ్చేది పోయినవాళ్ళను. హడావిడిలో ఐదుగురికీ ఆ సంగతి తట్టలేదు. పాపం, ఒక్కసారిగా ముఖాలు మాడిపోయాయి. గొంగడిలోంచి ఆమె నవ్వింది. "కంగారేముంది బాబూ, ఓ రెండ్రోజులు ముందు తిప్పారు, అంతేగా" అన్నది. కుట్లు పడిన కుర్రవాడు పకపకా నవ్వి, వెంటనే ఏడ్చాడు.

మళ్ళీ పైకెక్కి, తిప్పుకుని వచ్చారు. తల ముందు రావాలంటే తల కిందికి వాలుతుంది కదా. అలా వాలకుండా ముందరి ఇద్దరూ గొంగడి కొసలను తమ తలలకంటే పైకెత్తి పట్టుకుని దిగారు. మెట్టుమెట్టుకూ వాళ్ళ చేతులు వణకడం నాకు కనబడుతూనే ఉంది. వెనక ఇద్దరూ దాదాపు కూర్చుని కూర్చుని దిగారు. ఆమె మా ఇంటి గాలిలో ఒక గీత గీసినట్టు సమంగా వచ్చింది. పదమూడు మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. గుమాస్తాగారు పైమెట్టు మీదే నిలబడిపోయాడు. ఆయన చెయ్యి వేయడానికి చోటే లేదు.

నేల మీద వరిగడ్డి, దాని మీద చాప పరిచి దించారు. ఆమె చెయ్యి చాప దాటి జరిగి నేలను తట్టింది. చప్పుడు రాలేదు. అలాగే పెట్టుకుని పడుకుంది.

అందరం ఆ రాత్రి గడవదనుకున్నాం. గడిచింది. కింద చల్లగా ఉండడం వల్లనో, మనసు కుదుటపడడం వల్లనో, తెల్లారి ఆమె జావ అడిగింది. రెండో రోజు అవ్వతో పుంటికూర పోట్లాట కూడా పెట్టుకుంది. మూడో రోజు చెడ్డ నక్షత్రాలు మొదలయ్యాయి. గుమాస్తాగారి ముఖం చూడలేకపోయాం. అమ్మ బతకాలని కోరుకునే కొడుకు, మా ఇంటికి కీడు తెస్తున్నానే అని తల్లడిల్లాడు. ఆ మధ్యాహ్నం అవ్వ ముందు నిలబడి, మళ్ళీ పైకి తీసుకెళ్ళిపోతానండీ, మీకెందుకండీ ఈ బాధ, అన్నాడు. అవ్వ విసనకర్ర ఆపలేదు. "దించినోళ్లను మల్ల ఎక్కియ్యరు నాయినా. గట్ల యాడ లేదు. కూసో" అన్నది. ఆయన కూర్చున్నాడు. అన్న లోపలినుంచి ఇంకో విసనకర్ర తెచ్చి ఆయన ముందు పెట్టి పోయాడు.

ఐదో రోజు పొద్దున, ఎండ ఇంకా దర్వాజ దాటకముందు, ఆమె పోయింది. అయ్యగారు నక్షత్రం చూసి మూడు నెలలు అన్నాడు.

అప్పుడు ఊళ్ళో నలుగురికి మించి గుమిగూడకూడదని ఆంక్ష ఉంది. పాడె మోయడానికి నలుగురు కావాలి, ముందు నిప్పు కుండ పట్టుకుని కొడుకు నడవాలి, అప్పటికే ఐదుగురయ్యారు. మోసింది గొంగడి మోసిన ఆ నలుగురే. బాపు ఇంటి దగ్గరే ఆగిపోయాడు. అన్న వాళ్ళతో కలవకుండా, దారిన పోయేవాడిలా ముప్పై అడుగులు వెనక నడిచాడు. చౌరస్తాలో పోలీసులు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన పాడె మోస్తున్న పిల్లలను గుర్తుపట్టాడట. చూసి, టోపీ తీసి, అటు తిరిగి నిలబడ్డాడట. ఇది అన్న చెప్పిందే, నేను చూడలేదు.

ఇక ఇల్లు విడిచే సంగతి. బాపు రఘునాథపల్లికి ఎడ్లబండి మాట్లాడదామని లేచాడు. అవ్వ కదలలేదు. అయ్యగారిని పిలిపించి అడిగింది. "అయ్యగారూ, నువ్వు చుక్క చూసింది ఇంటికా, బంగ్లకా?" ఆయనకు మొదట అర్థం కాలేదు, తర్వాత నవ్వు దాచుకుంటూ, "ఇంటికే చూసిన. బంగ్ల సంగతి నన్నెవ్వలు అడుగలేదు" అన్నాడు. అంతే. కిందింటికి తాళం వేసి దర్వాజకు ముళ్ళకంప వేశాం. లోపలి మెట్లు వాడకూడదు కాబట్టి వీధివైపు గోడకు వెదురు నిచ్చెన వేసి, అమ్మతో కలిపి మా ఇంటివాళ్ళం ఐదుగురం బంగ్లాలోకి చేరాం. ఆరో మనిషి గుమాస్తాగారు. మనుషులం ఆరుగురం, గదులు రెండు. డెబ్భై ఏళ్ళు దగ్గర పడిన అవ్వ కొంగు నడుముకు చుట్టి ఆ నిచ్చెన మీద ఎక్కుతూ దిగుతూ ఉంటే, స్టేషన్‌కు పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. "ఏందవ్వా, ముసలితనంల కోతి వేషాలు?" అని ఎవరో అంటే, "నీ పెండ్లాం కట్టెలకు చెట్లెక్కుతది, నేను బంగ్లెక్కుతున్న. ఎక్కువ కులుకకు" అన్నది.

ఆ మూడు నెలల్లో అన్నా, గుమాస్తాగారూ ఒకే గదిలో పడుకున్నారు. వాళ్ళు కౌగిలించుకున్నారని, తగువు తీరిపోయిందని చెప్తే అబద్ధం. రోజూ వాదించుకున్నారు. మీరడిగేది న్యాయమేనండీ, కానీ నేను ఉద్యోగం వదిలేసి ఏం తినాలండీ, అని ఆయన అంటే, "నీ ఉద్యోగం ఇడువుమంటలేనన్నా. నా ఉద్యోగం ఏది అంటున్న" అని అన్న అనేవాడు. ఆ అన్నా అనే పిలుపు మాత్రం కొత్తది. అన్న సభలకు పోవడం మానలేదు, ఆయన ఆఫీసుకు పోవడం మానలేదు. ఇద్దరూ ఒకే నిచ్చెన దిగి చెరో వైపుకు పోయేవాళ్ళు. మూడు నెలలు నిండాక మేము కిందికి వచ్చాం. చలికాలంలో ఆయనకు బదిలీ అయింది. పోయేరోజు నడిమింట్లో తల్లిని దించిన చోట వంగి నేలకు దండం పెట్టుకుని పోయాడు. అవ్వ ఆ రోజు నేల అలికి ఉంది. తడి ఇంకా ఆరలేదు. ఆయన అడుగులు పడ్డాయి. అవ్వ మళ్ళీ అలకలేదు, వచ్చే వారం దాకా అట్లాగే ఉంచింది.

అవ్వ చెప్పిన ఆ ఒప్పందం మా ఇంటి ముచ్చటే అనుకునేదాన్ని. కొన్నేళ్ళకు నాకు మహబూబాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, మేమంతా మానుకోట అనే పిలిచేవాళ్ళం. పెళ్ళయిన కొత్త. అక్కడ ఒక ముస్లిం పెద్దావిడ ఇంట్లో మీది వాటా తీసుకున్నాం. అక్కడా మెట్లు లోపలినుంచే. తాళంచెవి ఇచ్చేటప్పుడు ఆమె, "ఊపర్ లియే తో నీచే భీ తుమారాచ్ హై, బేటీ" అన్నది. మీది తీసుకుంటే కిందిది కూడా నీదే అని. అచ్చం అవ్వ మాటే. అది మర్యాదకు అన్న మాట కాదు. మా పెద్దమ్మాయి పుట్టింది ఆమె కిందింట్లోనే. మీద కనకూడదు, కిందికి రా, అని నన్ను నడిపించుకుని పోయి, తన మంచం తీయించేసి, నలభై రోజులు తాను వరండాలో పడుకుంది. మావాళ్ళు దారిలో రైలు మారి ఆలస్యంగా చేరేసరికి, బిడ్డకు మొదటి స్నానం కూడా ఆమే పోసేసింది.

తర్వాత మా ఆయనకు బొగ్గుబాయిలో పని దొరికి భూపాలపల్లి పోయాం. అక్కడ క్వార్టర్లకు మీద ఏమీ లేదు, కాబట్టి కిందిల్లు అనే మాట అవసరం పడలేదు. ఆయన బాయి దిగే రోజుల్లో మాత్రం పక్కింటివాళ్ళు, మీ ఆయన ఇంక కిందనే ఉన్నడా, అని అడిగేవాళ్ళు. ఉన్నాడు అని చెప్పి, ఆయన సైకిలు చప్పుడు వినబడేదాకా గుమ్మంలోనే ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని.

రాష్ట్రం వచ్చిన ఏడాది అన్న మా ఇంటికి వచ్చాడు. అప్పటికి తలంతా నెరిసిపోయింది. సర్కారీ ఉద్యోగం ఆయనకు రానేలేదు, జీవితమంతా ఎరువుల దుకాణం నడిపాడు. ఊరేగింపులు చూసి వచ్చి, టీ తాగుతూ, లాఠీ దెబ్బ గురించి చెప్తాడేమో అనుకున్నాను. "బతికున్న మనిషిని కాళ్ల దిక్కు నుంచి దించబోయినం చెల్లె. యాదికొస్తె ఇప్పటికీ సిగ్గయితది" అన్నాడు. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత ఆయన, ఆ నలుగురిలో ఇప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పాడు. ఇద్దరు పోయారు.

ఇప్పుడు మెట్లు అన్ని ఇళ్ళకూ బయటనుంచే ఉన్నాయి. మీదివాళ్ళ మొహం కిందివాళ్ళకు తెలియకుండానే ఏళ్ళు గడుస్తున్నాయి, ఎవరి గడప వాళ్ళది, అందులో సుఖమూ ఉంది. కిరాయి ఇంట్లో ఎవరికైనా బాగా లేకపోతే, ఇల్లుగలవాళ్ళు ముందే వచ్చి దవాఖానలో చేర్చమని మెల్లగా చెప్తారు. వాళ్ళ భయం నాకు తెలుసు, ఒకప్పుడు నాకూ అదే భయం కలిగింది. దవాఖాన మంచాలు ఎత్తుగా ఉంటాయి, చుట్టూ గొట్టాలుంటాయి, కింద నున్నటి బండలుంటాయి, ఆ బండల కింద ఇంకో అంతస్తు ఉంటుంది. దించమని అడగాలని అక్కడున్నవాళ్ళకు తోచదు, తోచినా ఎవరిని అడగాలో తెలియదు. పోయే మనిషిని నేల మీదికి దించడం ఇప్పుడు లేదు.